అటక మీది గంటలు

ఆ బుధవారం పొద్దున శ్రీకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు వెళ్లి కొట్టు తెరవాలి. గుమాస్తా వచ్చేలోపు అటక మీద వేలాడుతున్న అయిదు గంటలనూ సరైన వరుసలో మోగించాలి. మోగిస్తే చిన్న తలుపు తెరుచుకుంటుంది. లోపల ముత్యాల హారం దొరుకుతుంది, దొంగెవరో తేలిపోతుంది. ఆ తర్వాత మనసు కుదుటపరుచుకుని, హాయిగా పురుగుమందులు అమ్ముకోవచ్చు.

ఆ అటక ప్రత్తిపాడులో లేదు, కంప్యూటర్లో ఉంది. రెండువేల మూడులో, ఎక్కువ సరుకు అమ్మిన డీలరని ఒక మందుల కంపెనీ శ్రీకృష్ణకు కంప్యూటరు బహుమానమిచ్చింది. దాన్ని కొట్లో బల్ల మీద పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, దుమ్ము పడకుండా తువ్వాలు కప్పారు. దానితోపాటు వచ్చిన సీడీలో ఒక డిటెక్టివ్ ఆట ఉంది. దీవి మీద ఒక పాత బంగళా, అందులో ఒక ముసలి దొరసాని. ఆమె ముత్యాల హారం కనిపించదు. రెండు జడల డిటెక్టివ్ పిల్ల ఒకతె గదిగదికీ తిరిగి, వంటవాణ్ణీ తోటమాలినీ మేనల్లుణ్ణీ ప్రశ్నలడిగి, బల్లల కింద భూతద్దం పెట్టి చూసి, ఒక్కో చిక్కూ విప్పుకుంటూ పోవాలి. ఎనిమిదేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలకు అని అట్ట మీద ఇంగ్లీషులో రాసి ఉంది. శ్రీకృష్ణకు నలభై రెండేళ్లు.

ఎండాకాలం సెలవుల్లో ఆ ఆట అతని కూతురు హారిక ఆడింది. తండ్రి పక్కన కుర్చీ వేసుకుని సలహాలిచ్చేవాడు. నాయనమ్మ రాజ్యం నేల మీద గోనెపట్టా పరుచుకుని మిరపకాయలకు తొడిమలు తీస్తూ, వాళ్లిద్దరి పోట్లాటలూ వింటూ కూర్చునేది. జూన్లో వాళ్లు అటక దాకా వచ్చారు. మర్నాడే హారికను పెదకాకాని దగ్గర రెసిడెన్షియల్ స్కూల్లో ఆరో తరగతిలో చేర్చారు. చేర్చాలన్నది శ్రీకృష్ణ నిర్ణయం. ఊళ్లో మందుల కొట్లున్న వాళ్లందరి పిల్లలూ హాస్టళ్లలోనే ఉన్నారు. తన పిల్ల ఇంట్లో ఉంటే వ్యాపారం బాగాలేదనుకుంటారని అతని బెంగ.

"దసరాకొస్తా నాన్నా. అప్పటిదాకా నువ్వొక్కడివే ఆడకు," అంది హారిక, స్కూలు గేటు దగ్గర.

"ఆడను," అన్నాడు శ్రీకృష్ణ, వాచీ చూసుకుంటూ. పిల్లలను దింపేటప్పుడు తండ్రులు వాచీ చూసుకుంటారు. అప్పుడు టైము ఎంతయిందో తర్వాత ఒక్కరికీ గుర్తుండదు.

ఆ మాట జూలై దాకా నిలబడింది. ఒకరోజు సాయంత్రం వాన పట్టుకుని బేరాలు లేక, తువ్వాలు తీసి కంప్యూటరు పనిచేస్తోందో లేదో చూద్దామనుకున్నాడు. అప్పట్నుంచి రోజూ చూస్తున్నాడు. గంటలు మాత్రం లొంగడం లేదు. తప్పు వరుసలో కొడితే ఒక పిల్లి వచ్చి, మళ్లీ ప్రయత్నించు చిన్నారీ అని ఇంగ్లీషులో చెప్పి మెట్ల కిందికి తోసేస్తుంది. దాని మాటలు తెర మీద అక్షరాల్లో చదువుకోవడమే. కింది హాల్లో ఉన్న పాటలపెట్టె మీద నొక్కినా ఉత్త మూత తెరుచుకుని మూసుకునేది. పిల్లల ఆట చప్పుడు రైతుల చెవిన పడితే పరువు పోతుందని, శ్రీకృష్ణ తానొక్కడే ఆడటం మొదలుపెట్టిన రోజే స్పీకర్ల తీగ పీకేశాడు.

రైతులు మాత్రం కంప్యూటరును చాలా గౌరవించారు. శ్రీకృష్ణ గంటలకొద్దీ తెరలోకి చూస్తూ, నుదురు ముడివేసి, తనలో తాను గొణుక్కుంటుంటే, అది తెగుళ్ల పరీక్ష అనుకున్నారు. గుమాస్తా నజీర్ కూడా అలాగే అనుకుని, వచ్చినవాళ్లకు అలాగే చెప్పేవాడు. శ్రీకృష్ణ అవుననలేదు, కాదనలేదు. ఆ సీజన్లో అతని కొట్టుకు పేరొచ్చింది.

ఆ పొద్దున అతను బయలుదేరుతుంటే రాజ్యం వంటింట్లో మినప్పప్పు వేయిస్తూ ఏదో రాగం తీస్తోంది. మాటల్లేవు, ఉత్త రాగమే. జూన్ నుంచి ఇదే వరస. పూలు కట్టినా అదే, బియ్యంలో రాళ్లేరినా అదే.

"అమ్మా, ఆ కూనిరాగం ఆపుతావా? లేచిన దగ్గర్నుంచీ అదే. తల తిరిగిపోతోంది."

"నోరు ఊరికే ఉండదు కదరా. మాట్లాడదామంటే ఇంట్లో ఎవరున్నారు?"

"సున్నుండలెవరికి అన్ని?"

"ఎవరో ఒకరు తింటార్లే. నువ్వెళ్లు, ఆలస్యమవుతుంది," అంది రాజ్యం, కొంచెం తొందరగా.

కొట్టు తెరిచి తువ్వాలు తీశాడో లేదో బుల్లయ్య వచ్చాడు. పెద్దమనిషి, పొలం చెరువు కట్ట అవతల. చేతిలో ముడుచుకుపోయిన మిరపాకు ఉంది. మూడు రోజులుగా అదే పని మీద తిరుగుతున్నాడు.

"ఏమబ్బాయ్, మిషను ఏమందీ?" అని, తెరకు బాగా కనబడేట్టు ఆకును అద్దం ముందు పట్టాడు.

శ్రీకృష్ణ అప్పుడే తోటమాలిని ప్రశ్నలడిగి వచ్చాడు. నోరు ఇంకా దీవి మీదే ఉంది. "నిన్న రాత్రి నువ్వెక్కడున్నావు?" అన్నాడు.

బుల్లయ్య తెల్లబోయాడు. "ఇంట్లోనే ఉన్నానయ్యా."

"చూసినవాళ్లెవరు?"

"మా ఆవిడ చూసింది. ఏవయ్యా, మిరపకు ముడతొస్తే నేనెక్కడ పడుకుంటే ఏంటి?"

శ్రీకృష్ణ ఒడ్డున పడ్డాడు. "అన్ని వివరాలూ కావాలి బాబాయ్. ఆకు ఇక్కడ పెట్టి వెళ్లు, మధ్యాహ్నం చెబుతా."

బుల్లయ్య ఆకును కంప్యూటరు నెత్తిన భక్తిగా పెట్టి వెళ్లాడు. ఇంటికి కాకుండా ఎదుటి టీ కొట్టుకు వెళ్లాడు. రాత్రి ఎక్కడున్నావని మిషను అడిగిందని అక్కడ చెప్పాలి కదా.

శ్రీకృష్ణ గంటలు కొట్టాడు. పిల్లి వచ్చింది. మళ్లీ కొట్టాడు. పిల్లి వచ్చి, ఆఖరి అవకాశమని, ఈసారి తప్పితే ఆట మొదటికొస్తుందని చెప్పింది. బంగళా గేటు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టడమంటే దసరా దాటుతుంది. ఆటను ఉన్నచోటే దాచుకోవడం ఎలాగో హారికకే తెలుసు. వరుస కూడా హారికకు తెలిసే ఉంటుంది. వెళ్లే ముందురోజు, "నాకు తెలిసిపోయిందిగా," అని నవ్వి, చెప్పకుండానే వెళ్లిపోయింది. రెండు నిమిషాలు ఫోనులో అడిగితే తేలిపోతుంది. శ్రీకృష్ణ స్కూలుకు ఫోను చేశాడు. వార్డెన్ మేడం తీసింది.

"సిక్స్త్ క్లాసు హారిక వాళ్ల నాన్ననండి. పిల్లతో రెండు నిమిషాలు మాట్లాడాలి."

"ఇవాళ బుధవారమండి. ఫోను ఆదివారం సాయంత్రం."

"తెలుసండి. కొంచెం అర్జంటు."

"అర్జంటంటే ఏంటి?"

శ్రీకృష్ణ తెర వైపు చూశాడు. రెండు జడల పిల్ల కాలు నేలకేసి కొడుతూ నిలబడి ఉంది. ఈ సంగతి వార్డెన్‌కు ఎక్కడ్నుంచి చెప్పాలో తోచలేదు.

"ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?" అని వార్డెనే దారి చూపించింది.

"ఆఁ. మా అమ్మకి."

"సీరియస్సా?"

"మరీ సీరియస్సంటే..."

"సీరియస్ కాకపోతే ఫోను ఇవ్వమండి. సీరియస్సయితే అసలే ఇవ్వం, ఫోన్లో వింటే పిల్లలు బెదిరిపోతారు. మీరే వచ్చి తీసుకెళ్లాలి. రెండ్రోజులు పర్మిషనిస్తాం."

"రెండ్రోజులెందుకండీ. రెండు నిమిషాలు చాలు."

"చూడండి, నాకు అవతల టిఫిన్లు అవుతున్నాయి. సీరియస్సా, కాదా?"

"సీరియస్సేనండి. మా అమ్మ చాలా సీరియస్‌గా ఉంది," అన్నాడు శ్రీకృష్ణ.

సరిగ్గా అప్పుడే నజీర్ లోపలికి వచ్చాడు. భోజనం క్యారేజీ కింద పెట్టడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

"ఏం లేదు నజీర్," అన్నాడు శ్రీకృష్ణ, స్కూటరు తాళాలు వెతుక్కుంటూ. "నేను హాస్టలుకెళ్లి పిల్లను తీసుకొస్తా. ఎవరైనా అడిగితే అంతే చెప్పు. కంప్యూటరు మాత్రం ఆపకు, ముట్టుకోకు." అని దాని మీద తువ్వాలు కప్పి, పొద్దున్నే చెమటలు కక్కుతూ వెళ్లిపోయాడు.

నజీర్ అబద్ధం ఆడే మనిషి కాదు. పావుగంట తర్వాత బుల్లయ్య టీ తాగి వచ్చి, "ఏడీ మీ ఓనరు?" అంటే, చెప్పమన్నదే చెప్పాడు. హాస్టలుకెళ్లారు, పాపను తీసుకొస్తారు. అమ్మగారికి సీరియస్సని ఫోన్లో అంటుంటే తాను విన్నదీ చెప్పాడు.

బుల్లయ్య మెడలో తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో హాస్టలు చదువులు వచ్చాక చావు కబురుకు ఒక కొత్త గుర్తు పుట్టింది. పండగ కాదు, ఆదివారం కాదు, మామూలు రోజున పెట్టె లేకుండా ఒక పిల్లో పిల్లాడో స్కూటరు దిగారంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. జబ్బు చేస్తే పిల్లలను తీసుకురారు, చదువు పాడవుతుందని. ప్రాణం మీదికొచ్చినా తీసుకురారు. అంతా అయ్యాకే తీసుకొస్తారు.

"నువ్వు చిన్నోడివి నజీరూ, నీకు తెలియదు," అన్నాడు బుల్లయ్య. "సీరియస్సని పైకి అంటారంతే. పిల్లని తేవడానికెళ్లాడా, లేదా? అదీ సంగతి. పాపం, అందుకే పొద్దున నన్నేదేదో అడిగాడు. మతి స్థిమితం లేదు."

ఇద్దరూ శ్రీకృష్ణ ఇంటికి వెళ్లారు. ఇంటికి తాళం వేసి ఉంది. శ్రీకృష్ణ భార్య మాధురి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఎనిమిదిన్నరకే వెళ్లిపోతుంది. రాజ్యం తాళం వేసుకుని ఎక్కడికీ వెళ్లదు. వెళ్లదని కొడుకూ కోడలూ అనుకుంటారు. పక్కింటి జైతున్‌బీ వాకిట్లో చేట పట్టుకుని కూర్చుని ఉంది.

"జైతున్‌బీ, రాజ్యమ్మ ఏదీ?" అన్నాడు బుల్లయ్య.

జైతున్‌బీ ముఖం పాలిపోయింది. రాజ్యం ఎక్కడికెళ్లిందో ఆమెకు తెలుసు. ప్రతి బుధవారం ఎక్కడికి వెళుతుందో కూడా తెలుసు. చెప్పనని పిల్లల మీద ఒట్టు వేసింది. "నాకేం తెలీదన్నా. నన్నడగొద్దు," అని చేట వదిలేసి లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

"చూశావా," అన్నాడు బుల్లయ్య నజీర్‌తో. "నోటితో చెప్పలేకపోయింది. గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్లుంటారు. అక్కడే అయిపోయుంటుంది."

బుల్లయ్య బాధ్యత తెలిసిన మనిషి. తిన్నగా ఎస్టీడీ బూతుకు వెళ్లి, సత్తెనపల్లిలో ఉండే శ్రీకృష్ణ అక్క శేషారత్నానికి ఫోను చేశాడు. ఇలాంటి కబురు ఎలా చెప్పాలో ఆయనకు తెలుసు. "అమ్మాయ్, నువ్వేం కంగారుపడకు. శ్రీకృష్ణ హాస్టలుకెళ్లాడు, పిల్లని తేవడానికి." అవతల్నుంచి కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత వినబడింది. బుల్లయ్య ఫోను పెట్టేశాడు. ఒక్క అబద్ధం కూడా ఆడలేదని ఆయనకు తృప్తిగా ఉంది. అక్కణ్ణుంచి టెంటు హౌసుకు వెళ్లి, కుర్చీలూ షామియానా పంపమని ఖాజావలికి చెప్పాడు.

పెదకాకాని దగ్గర స్కూలు గేటు మీద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు ఉంది. తల్లిదండ్రులు వీడ్కోలు గేటు బయటనే ముగించవలెను. శ్రీకృష్ణ ఆ బోర్డు చూడకుండా లోపలికి వెళ్లాడు. ఆఫీసు గోడ నిండా ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు ఉన్నాయి. ఒక్కరూ నవ్వడం లేదు.

"ఈ మధ్య మా స్కూల్లో చాలామంది నాయనమ్మలు పోతున్నారండి," అంది వార్డెన్, అతన్ని నిదానంగా చూస్తూ. "క్రికెట్ మ్యాచులప్పుడు మరీ ఎక్కువ. మీది నిజమేనా?"

"అమ్మ విషయంలో ఎవరైనా అబద్ధమాడతారాండీ?" అన్నాడు శ్రీకృష్ణ. అతని చెవులు ఎర్రబడ్డాయి. వార్డెన్‌కు అది దుఃఖంలా కనబడింది.

హారిక వచ్చింది. బుధవారం పూట ఆఫీసులో నాన్నను చూసింది. ఆ కొత్త గుర్తు సంగతి హాస్టల్లో పిల్లలకు పెద్దలకంటే బాగా తెలుసు.

"నాయనమ్మేనా?" అంది.

వార్డెన్ చూస్తుండగా శ్రీకృష్ణ అవుననలేడు, కాదనలేడు. తల వంచుకున్నాడు. హారిక ఏడుపు ఆఫీసు దాటి, వరండా దాటి, లెక్కల క్లాసులోకి వినబడింది. ఎప్పట్నుంచో ఏడవడానికి కారణం కోసం చూస్తున్న ఆరో తరగతి అంతా అందుకుంది. వార్డెన్ కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. శ్రీకృష్ణ, రెండు నిమిషాల పని ఇంత దూరం వచ్చిందేమిటా అనుకున్నాడు. గేటు దాటగానే చెప్పేద్దామనుకుని పిల్లను గబగబా నడిపించాడు. పర్మిషను చీటీ పట్టుకుని వార్డెన్ వెంటే వచ్చింది.

గేటు పక్కన రేకుల నీడలో వాచ్‌మన్ ఇమ్మానియేలు స్టూలు మీద కూర్చుని సున్నుండ తింటున్నాడు. పక్క స్టూలు మీద, ఒళ్లో టిఫిను డబ్బాతో, రాజ్యం కూర్చుని ఉంది. టిఫిను తిని పిల్లలు వరసగా క్లాసులకు వెళ్లేటప్పుడు గేటు సందులోంచి హారిక జడలు కనబడతాయి. నూనె పెట్టుకుందో లేదో తెలుస్తుంది. అంతవరకే. పలకరిస్తే పిల్ల బెంగ పెట్టుకుంటుందని పలకరించదు. డబ్బా ఇమ్మానియేలుకిచ్చి, హారికకు ఇంటినుంచి ఎవరో పంపారని చెప్పమని, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోతుంది.

ఏడుస్తున్న మనవరాలిని, వెనక కొడుకును చూడగానే రాజ్యం డబ్బా పట్టుకుని గబుక్కున లేచింది. "ఒరేయ్, ఏమైందిరా? మాధురికేమైనా అయిందా? ఎవరికేమైందో చెప్పు."

హారిక ఏడుపు మధ్యలో ఆగి, నోరు తెరిచి చూసింది.

"ఎవరండీ ఈవిడ?" అంది వార్డెన్.

శ్రీకృష్ణ తల్లి వైపు చూశాడు, చీటీ వైపు చూశాడు. "మా పెద్దమ్మండి," అన్నాడు. "మా అమ్మకు అక్క."

"పోలికలు బాగా ఉన్నాయి," అంది వార్డెన్.

"కవలలండి."

ఇమ్మానియేలు సున్నుండ నమలడం ఆపాడు. ఈ ముసలమ్మ పాపకు సొంత నాయనమ్మని అతనికి తెలుసు. కానీ ప్రతి వారం తిన్న సున్నుండలు గుర్తొచ్చి మళ్లీ నమలడం మొదలుపెట్టాడు. రాజ్యం కొడుకు ముఖంలోకి చూసింది. చిన్నప్పుడు కుంకుడుకాయలు దొంగిలించినప్పుడు ఇదే ముఖం. ఆమె ఇంకేమీ అడగలేదు. "అవునమ్మా," అంది వార్డెన్‌తో. "చెల్లెలికి బాగా సీరియస్సు. నాకూ ఏమంత బాగుండటం లేదు."

రోడ్డెక్కి మలుపు తిరిగాక స్కూటరు ఆపి, శ్రీకృష్ణ ఉన్నదంతా చెప్పాడు. చెట్టు నీడలో ముగ్గురూ నిలబడ్డారు. రాజ్యం, తాను బతికే ఉన్నానా అన్నట్టు చేతులు ఒకసారి చూసుకుంది.

"ఆడనన్నావు," అంది హారిక.

"అన్నాను గానీ..."

"ఆడనన్నావుగా."

"తప్పేలేమ్మా. ఆ గంటల వరుసొక్కటి చెప్పు."

"చెప్పను. చెబితే సాయంత్రానికి మళ్లీ దింపేసి వెళ్లిపోతావుగా." అని ముందుకెళ్లి స్కూటరు హ్యాండిలు పట్టుకుని నిలబడింది. అక్కడ్నుంచి ప్రత్తిపాడు దాకా వెనక్కి తిరగలేదు. రాజ్యం మాత్రం వెనక కూర్చుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని, వచ్చీరానట్టు రాగం తీస్తూనే ఉంది. ఆపమనే ధైర్యం ఇవాళ కొడుకుకు లేదు.

వీధి మొదట్లోకి రాగానే షామియానా కనబడింది. కుర్చీల్లో మగవాళ్లు నెత్తిన తువ్వాళ్లతో కూర్చుని ఉన్నారు. ఆడవాళ్ల ఏడుపు వినబడుతోంది.

"ఎవరో పోయినట్టున్నారు," అన్నాడు శ్రీకృష్ణ.

"అయ్యో, ఎవర్రా పాపం? మనింటి పక్కనే ఉంది. జైతూకేమైనా అయిందా?" అంటూ రాజ్యం స్కూటరు పూర్తిగా ఆగకముందే దిగేసింది. కొంగుతో కళ్లొత్తుకుంటూ ఆడవాళ్ల మధ్యకు వెళ్లింది. అరుగు మీద ఒకామె మోకాళ్లలో ముఖం పెట్టుకుని ఏడుస్తుంటే, ఇంకేమీ ఆలోచించకుండా పక్కన కూలబడి వీపు నిమిరింది.

"ఊరుకో తల్లీ, ఊరుకో. ఎవరు పోయారమ్మా?"

"మా అమ్మ," అంది ఆమె తలెత్తకుండానే. "పచ్చరాళ్ల దుద్దులు నాకే ఇస్తానంది, చెప్పకుండా వెళ్లిపోయింది."

రాజ్యం చెయ్యి ఆగిపోయింది. "శేషారత్నమా? మీ అమ్మని నేనే కదే," అంది. కాస్త ఆలోచించి, "దుద్దులు ఎప్పుడిస్తానన్నాను?" అంది.

శేషారత్నం తలెత్తి చూసి వెనక్కి పడింది. ఆడవాళ్లు కకావికలయ్యారు. ఒకామె చెంబుతో నీళ్లు తెచ్చి ఎవరి మీద చల్లాలో తెలియక ఇద్దరి మీదా చల్లింది. అప్పుడే కబురంది స్కూలు నుంచి పరుగెత్తుకొచ్చిన మాధురి, తన ఇంటి ముందు షామియానా కింద తడిసి కూర్చున్న అత్తగారినీ, ఆమె కొంగు పట్టుకుని నిలబడిన కూతురినీ చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. తప్పేమిటో ఇంకా తెలియకపోయినా అది ఎవరిదో ఆమెకు తెలిసిపోయింది.

"నేనేం అబద్ధం చెప్పలేదు," అన్నాడు బుల్లయ్య, అందరూ తనవైపు తిరిగేసరికి. "హాస్టలుకెళ్లాడన్నాను, వెళ్లాడు. పిల్లని తెస్తాడన్నాను, తెచ్చాడు. అసలు మనిషిని అడగండి." అని తువ్వాలు విదిలించి భుజాన వేసుకుని శ్రీకృష్ణ ముందుకొచ్చాడు. "చెప్పబ్బాయ్. పొద్దున నువ్వెక్కడున్నావు?"

"కొట్లో."

"చూసినవాళ్లెవరు?"

"నువ్వే బాబాయ్."

"మీ అమ్మకి సీరియస్సని ఎందుకన్నావు?"

శ్రీకృష్ణ కుర్చీల వరసల వైపు చూశాడు. అందరూ అతని దగ్గర మందు కొనేవాళ్లే. "గంటలు కొట్టడం కోసం," అన్నాడు చివరికి.

ఇది ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యేట్టు చెప్పే దారి ఒక్కటే. ఊరేగింపులా అందరూ కొట్టుకు నడిచారు. ఖాజావలి కుర్చీలు కూడా వెంట తెచ్చాడు. బుల్లయ్య తన చేత్తో తువ్వాలు తీశాడు. కంప్యూటరు నెత్తిన ఆకు వాడిపోయి ఉంది. తెర మీద రెండు జడల పిల్ల ఇంకా కాలు నేలకేసి కొడుతూనే ఉంది.

వెనకవాళ్లు ముందువాళ్ల భుజాల మీంచి తొంగిచూశారు.

"ఇదేనా పరీక్ష?" అన్నాడు బుల్లయ్య. "మూడు రోజుల్నుంచీ నా ఆకును చూస్తోంది ఈ పిల్లేనా?"

"ఆకులు చూడదు తాతా. ఇది దొంగను పట్టుకునే ఆట. చిన్నపిల్లలది," అంది హారిక. చిన్నపిల్లలది అన్న మాట కాస్త ఒత్తి పలికింది. నజీర్ తలుపు చాటుకు వెళ్లాడు. ఇన్నాళ్లూ ఆ మిషను సంగతి ఎంతమందికి చెప్పాడో అతనికే తెలుసు.

పోయిన పరువు ఎలాగూ పోయింది, గంటలైనా దక్కుతాయేమోనని శ్రీకృష్ణ కూతురి ముందు వంగాడు. "చెప్పమ్మా."

"చెప్పను."

శేషారత్నం చెప్పమంది. ఖాజావలి చెప్పమన్నాడు. హారిక పెదవులు బిగించింది. ఈ వరుస తప్ప తన చేతిలో ఇంకేమీ లేదని ఆ పిల్లకు తెలుసు. ఇంటి దగ్గర ఉండటానికి, హాస్టలుకు వెళ్లడానికి మధ్య అడ్డం ఉన్నవి ఆ అయిదు గంటలే. రాజ్యం మనవరాలి బిగిసిన ముఖం చూసింది. ఈ పిల్లను సాయంత్రం మళ్లీ ఆ గేటు దగ్గర వదలాలి. ఆమెకు దిగులేసింది. దిగులేస్తే ఆమె నోరు ఊరుకోదు. కూనిరాగం మొదలుపెట్టింది.

హారిక ఒక్క గెంతులో వెళ్లి నాయనమ్మ నోరు మూసింది. "పాడకు నాయనమ్మా."

మందుల వ్యాపారంలో ఎంత అశ్రద్ధ చేసినా, రెండు నెలలు డిటెక్టివ్ ఆట ఆడినవాడు శ్రీకృష్ణ. మెల్లగా వంగి స్పీకర్ల తీగ తగిలించాడు. మౌసు కదిపి, బంగళా కింది హాల్లో మేజా మీద ఉన్న చిన్న పాటలపెట్టె మీద నొక్కాడు. ఇన్నాళ్లూ మూగగా మూత తెరిచి మూసుకున్న పెట్టె ఇప్పుడు పాడింది. అయిదు స్వరాలు. జూన్ నుంచి వంటింట్లో, పెరట్లో, పూలు కడుతూ, రాళ్లేరుతూ అతని తల్లి తీస్తున్న రాగం. ఎండాకాలమంతా తొడిమలు తీస్తూ విని, మనవరాలు వెళ్లాక ఆమె తన దగ్గర ఉంచుకున్నది అదొక్కటే.

శ్రీకృష్ణ ఆ వరుసలో గంటలు కొట్టాడు. తలుపు తెరుచుకుంది. హారిక నాయనమ్మ నోటి మీంచి చెయ్యి తీసేసి, తల దించుకుంది.

తెర మీద హారం మెరిసింది. వెనక ముసలి దొరసాని వచ్చి నిలబడింది. కింద ఇంగ్లీషులో ఏవో అక్షరాలు వచ్చాయి.

"ఏమంటోందమ్మాయ్? దొంగెవరంట?" అన్నాడు బుల్లయ్య. కోపం ఎప్పుడో మరిచిపోయి అందరికంటే ముందుకొచ్చి కూర్చున్నాడు.

హారిక చదివి చెప్పింది. "ఎవరూ తియ్యలేదంట. ఆ ముసలామే దాచుకుందంట. దొరికేస్తే అందరూ పడవెక్కి వెళ్లిపోతారని."

కొట్లో ఉన్నవాళ్లంతా రాజ్యం వైపు తిరిగారు.

"నన్ను చూస్తారేంటి?" అంది రాజ్యం, కొంగు సర్దుకుంటూ. "నేనేం దాచలేదు."

అప్పుడు బల్ల మీద ఫోను మోగింది. దగ్గరగా ఉన్నది రాజ్యం. తీసింది. వార్డెన్ గొంతు గట్టిది, కొట్లో అందరికీ వినబడింది.

"హారిక వాళ్ల ఇల్లేనాండీ? వాళ్ల నాయనమ్మగారికి ఎలా ఉంది?"

"అలాగే ఉందమ్మా."

"మీరెవరండీ మాట్లాడేది?"

"సీరియస్‌గా ఉన్న ముసలిదాన్నే."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడయింది. "మంచిదండి. త్వరగా కోలుకోండి. పాపకు రెండ్రోజులే పర్మిషన్ ఉంది. ఎప్పుడు పంపిస్తారో చెబితే రాసుకుంటాను."

రాజ్యం మనవరాలిని చూసింది. తర్వాత కొడుకును చూసింది. ఫోను అందుకుని ఈ శనివారమే దింపుతామండీ అనడానికి అతనికి రెండడుగులు చాలు. శ్రీకృష్ణ కదల్లేదు. తెరలో దీవి ఒడ్డున పడవ ఆగి ఉంది, ఎక్కేవాళ్లు లేరు. అతను దాన్నే చూస్తున్నాడు.

"నేను పోయాక పంపిస్తాంలే తల్లీ," అని రాజ్యం ఫోను పెట్టేసింది.

అందరూ శ్రీకృష్ణ ఏమంటాడా అని చూశారు. అతను కంప్యూటరు నెత్తిమీది ఆకు తీసి, గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టి, వెనక్కి తిప్పి చూశాడు. "పైముడత, బాబాయ్. తామర పురుగు పట్టింది. నజీర్, బుల్లయ్య బాబాయికి మందు తీసివ్వు," అన్నాడు. మూడు రోజుల పనికి అర నిమిషం పట్టింది. హారిక వెళ్లి తండ్రి పక్క కుర్చీ లాక్కుని, ఆటను ఉన్నచోటే దాచడం ఎలాగో చూపించడం మొదలుపెట్టింది.

స్కూల్లో ఆ కబురు వార్డెన్ చెప్పినది చెప్పినట్టు రాసుకుంది. ఏటా జూన్లో వాళ్లు మర్యాదగా ఫోను చేసి కనుక్కుంటూనే ఉన్నారు. ఈ ఏడు హారిక ప్రత్తిపాడు హైస్కూల్లో పదో తరగతి పూర్తిచేసింది. రాజ్యానికి పోయే తీరిక ఇంకా చిక్కలేదు.